గురి చూసి వేసిన బంతిపూల దండ

విశాఖపట్నం వెళ్ళొచ్చానని తెలియగానే మా మదనపల్లెలో ప్రతివాడూ అడుగుతున్నది ఒకటే. సముద్రం ఎలా ఉంది? ఉంది. నీళ్ళున్నాయి, ఉప్పగా ఉన్నాయి, చెప్పుల్లో ఇసుక ఇంకా రాలుతూనే ఉంది. సముద్రం కావాలంటే టికెట్టు కొనుక్కుని వెళ్ళి చూసుకోండి. నేను వెళ్ళింది ఒక పూలదండ పని మీద.

అప్పలరాజూ నేనూ వైమానిక దళంలో ఒకే పని చేశాం. విమానాలకు బాంబులు తగిలించే పని. విమానం నడిపినవాడికి నల్లకళ్ళద్దాలూ ఫొటోలూ దక్కాయి, మాకు నడుంనొప్పి దక్కింది. ఏళ్ళ తరబడి నేను ఎత్తినవాటిలో ఎక్కువ భాగం లోపల సిమెంటు నింపిన సాధన బాంబులే. ఈ మాట చెబితే మా ఊళ్ళో మర్యాద తగ్గుతుందని చెప్పను. మీకు చెబుతున్నాను, మీ దగ్గరే ఉంచుకోండి.

జూన్ నెలలో అప్పలరాజు ఫోన్ చేశాడు.

"బావా, నువ్వు ఉన్నపళంగా రావాల. మా సెల్లి పడవకి దండెయ్యాల. సెయ్యి మాత్రం తగలకూడదు."

"చెయ్యి తగలకుండా దండ ఎట్ల వేస్తారప్పా?"

"అదే గదా నిన్ను రమ్మంతన్నాను!"

విషయం ఇది. అప్పలరాజు పుట్టింది విశాఖ ఒడ్డున జాలరిపేటలో. వాడి చిన్నప్పుడు తండ్రి వేటకు వెళ్ళి తిరిగి రాలేదు. వాడు బాంబుల్లోకి పారిపోయాడు, చెల్లెలు నూకాలమ్మ చేపల్లోనే ఉండిపోయింది. రిటైరై వచ్చాక, మేనల్లుళ్ళిద్దరినీ వేటకు పంపొద్దని వాడు పట్టుబట్టాడు. ఆమె వినలేదు. అందరి ముందూ ఒడ్డున నిలబడి, "నీ పడవ మీద సెయ్యేత్తే గంగమ్మ మీదొట్టు" అని అరిచేసి వచ్చాడు. ఆ తర్వాత అన్నాచెల్లెళ్ళకు మాటల్లేవు. ఇప్పుడు ఆమె కొత్త ఫైబరు పడవ కొంది. వాళ్ళ ఇంటి ఆనవాయితీ ప్రకారం ఆడపడుచు కొత్త పడవకు తోడబుట్టినవాడు దండ వేస్తేనే అది నీళ్ళలోకి దిగుతుంది. చేపలు గుడ్లు పెట్టే రోజుల్లో ఉండే వేట నిషేధం ముగియబోతోంది. పేటలో పడవలన్నీ వెళ్ళిపోతే ఆమెది ఒక్కటీ ఇసుకలో కూర్చుంటుంది. దండ వెయ్యాలని వీడికీ ప్రాణం కొట్టుకుంటోంది, ఒట్టు తియ్యడానికి మాత్రం భయం.

ఇలాంటి గడ్డు సమస్యకు దేశం మొత్తం మీద వాడికి నేనే గుర్తొచ్చాను. సంచి సర్దుకున్నాను.

రైల్లో క్షిపణి పండితుడు

రేణిగుంటలో ఎక్కేసరికి ఎదుటి సీట్లో ఒక పెద్దమనిషి ఫోన్లో యుద్ధం చూస్తున్నాడు. చూస్తే చూశాడు, బోగీ అంతటికీ వినిపిస్తున్నాడు. ఒంగోలులో స్టీలు సామాన్ల కొట్టట. నా ఒళ్ళో గుప్పెడు జంతికలు పోసి, జవాబు నాకు తెలియదన్న నమ్మకంతో అడిగాడు.

"అసలు ఇన్ని రకాలెందుకండీ? ఉన్నవాటిలో అన్నిటికంటే పెద్దది ఒకటి వేసేస్తే గొడవ వదిలిపోదూ?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఈ ప్రశ్న విన్నప్పుడల్లా ఎక్కుతుంది.

"మీ అల్లుడి చెంప మీద దోమ వాలిందనుకోండి. చంపాలి. రోకలిబండ తీసుకుంటారా?"

ఆయన జంతిక నములుతూ చాలాసేపు ఆలోచించాడు. "అల్లుణ్ణి బట్టి ఉంటుందండీ."

పై బెర్తులో ఒకామె పొలమారేలా నవ్వింది. నేను మాత్రం వదల్లేదు. బాంబు ఎంచుకునేవాడు గురి పెట్టిన కట్టడాన్ని చూసినంత జాగ్రత్తగానూ దాని పక్కన ఏముందో చూస్తాడని చెప్పాను. పక్కన ఇళ్ళుంటే చిన్నది కావాలి. మరీ ఇరుకైతే పేలుడు మందు బదులు సిమెంటు నింపినదాన్ని సూటిగా వేసిన సందర్భాలూ ఉన్నాయి. పేలదు, బరువుతోనే బద్దలు కొడుతుంది. నేలమాళిగైతే పైకప్పు తాకగానే పేలేది పనికిరాదు, దూసుకుపోయి లోపల పేలేది కావాలి. పేలుడు ఎంత పెద్దదన్నది కాదు ప్రశ్న, ఎక్కడ ఎంత అన్నది.

"మీరు టీవీలో రావాలండీ" అన్నాడు ఆయన. నేను కాస్త ఉబ్బాను. "వాళ్ళూ ఇలాగే అరుస్తారు" అని ముగించాడు.

మల్కాపురం: పునుగులూ ప్రశ్నలూ

అప్పలరాజు ఇల్లు మల్కాపురంలో. స్టేషన్ నుంచి ఆటోవాడు అడిగిన ధరకు మా ఊళ్ళో పెళ్ళివారి బండి వస్తుంది. రిఫైనరీ దగ్గర పడేసరికి ముక్కు మూసుకున్నాను. "రెండ్రోజులైతే ఏటీ తెలీదు బావా" అన్నాడు అప్పలరాజు. వాడికి నిజంగానే తెలియదు. ఇంట్లో పాలు మాడిపోతుంటే పక్కింటావిడ వచ్చి చెప్పింది.

పొద్దున్నే నన్ను టీ కొట్టుకు తీసుకెళ్ళి, "ఈడు మా బావ, బాంబుల పంతులు" అని పరిచయం చేశాడు. పోర్టు షిఫ్టు దిగినవాళ్ళు టోపీలు ఒళ్ళో పెట్టుకుని పునుగులు తింటున్నారు. మా వైపు టీతో బన్ను తింటాం. ఇక్కడ వేడి పునుగు మీద అల్లం చట్నీ పోసి చేతిలో పెట్టారు. నోట్లో వేసుకున్నాక ఉమ్మలేను, మింగలేను. కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. ఆ స్థితిలో క్రేను నడిపే ఒకాయన అడిగాడు.

"పంతులుగారూ, దూరం నుంచి ఏసీదానికి అంత డబ్బెందుకు? దగ్గరకెల్లి సవగ్గా ఏసీవచ్చు గదా?"

పునుగు మింగి చెప్పాను. కరిచే కుక్క ఉన్న ఇంటికి పేపరు వేసేవాడు ఏం చేస్తాడు? గేటు బయటి నుంచే విసురుతాడు. ఎదుటివాడి రాడార్లూ విమానాల్ని కూల్చే క్షిపణులూ బతికున్నన్నాళ్ళూ అంతే. దూరం నుంచి వెళ్ళేవి వాడాలి, అవి ఖరీదు, కొన్నే ఉంటాయి. కుక్కను కట్టేశాక గేటు తీసుకుని లోపలికి వెళ్ళొచ్చు. అప్పుడు పాత బాంబుకే దారి చూపే తోక బిగించి చవగ్గా కానిస్తారు.

"మరి లేజరో?" అన్నాడు ఇంకొకాయన.

లేజరంటే ఒకడు టార్చి వేసి చూపిస్తూ ఉండాలి. వెలుగు పడిన చోటికే బాంబు వెళుతుంది. బండి పరుగెడుతున్నా వెంటాడుతుంది. మబ్బో పొగో అడ్డొస్తే కంగారు పడుతుంది. ఉపగ్రహం చూసుకుని వెళ్ళేది కొరియర్ కుర్రాడిలాంటిది. చిరునామా ఇస్తే చాలు, వానలోనూ చేరుస్తుంది, వేసినవాడు వెనక్కి వెళ్ళిపోవచ్చు. కాకపోతే ఇల్లు మారారని దానికి తెలియదు, దాని సంకేతాల్ని ఎవడైనా గందరగోళం చేస్తే దారీ తప్పుతుంది.

ఇంత చక్కగా చెబుతుంటే అప్పలరాజు గ్లాసు దింపి, "అయన్నీ కాదర్రా, గోడౌన్లోన ఏదుంటే అదే ఏత్తారు! మా విమానానికి ఏది బిగిత్తే అదే!" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు కొట్టలేదు. కోపమొచ్చింది గానీ, వాడు చెప్పినదీ నిజమే. కాగితం మీద ఎన్ని రకాలున్నా, సరుకు ఉండాలి, విమానానికి అది అతకాలి.

దండ సంగతి ఆ బల్ల దగ్గరే తేలింది. చెయ్యి తగలకూడదు, దూరం నుంచి వెయ్యాలి. గేటు బయటి నుంచే. పెళ్ళిళ్ళలో వధూవరుల మీద పూలు కురిపించే డ్రోను ఒకటి రుషికొండలో ఉందని క్రేను ఆయనే చెప్పాడు. బొత్తాం అప్పలరాజు నొక్కుతాడు కాబట్టి దండ వేసింది అన్నే. పడవ మీద చెయ్యి వేయలేదు కాబట్టి ఒట్టు భద్రం. ఇంత తెలివైన పథకం మా సర్వీసులో ఎప్పుడూ వేయలేదని ఇద్దరం ఒప్పుకున్నాం.

రుషికొండ: ఆయ్ అనే పైలట్టు

డ్రోను మనిషి పేరు సత్తిబాబు. నలభై దగ్గర పడుతున్నాడు. తండ్రి స్టీల్ ప్లాంటు ఉద్యోగానికి భీమవరం వైపు నుంచి వచ్చాడట. సత్తిబాబు పుట్టింది పెరిగింది ఇక్కడే అయినా ఇంట్లో గోదావరి ఇంకా పారుతూనే ఉంది.

"ఆయ్, కూర్చోండి గురూగారూ. భోజనం చేస్తే గానీ డ్రోను చూపించనండి."

పీతల ఇగురు పెట్టారు. మా ఊళ్ళో తినే వస్తువు తిరిగి పోట్లాడదు. పీత కాలు కొరికితే పన్ను కదిలింది. సుత్తి ఉందా అని అడిగాను. సత్తిబాబు వాళ్ళమ్మ నిజంగానే రోట్లోని బండ తెచ్చి ఇచ్చింది. ఒక్క దెబ్బ వేశాను. పీత ఎగిరి అప్పలరాజు చొక్కా మీద పడింది, పింగాణీ కంచం రెండు ముక్కలైంది. "చిన్నది చాలని రైల్లో పాఠం చెప్పేవట గదా బావా" అన్నాడు వాడు.

తర్వాత అసలు చర్చ. సత్తిబాబు రెండు పద్ధతులు చెప్పాడు. ఒకటి, కెమెరాలో చూసుకుంటూ చేత్తో నడిపి వదలడం. రెండోది, చోటు ముందుగా గుర్తు పెట్టి ఉంచితే డ్రోను తనంతట తానే వెళ్ళి దాని మీద ఆగడం.

"చేత్తోనే నడిపేద్దామండి. నా చెయ్యి చూశారు కదా, వణకదండి."

"పోయిన పెళ్ళిలో పూలు ఎక్కడ పడ్డాయి?"

సత్తిబాబు ఇంటి కప్పు వైపు చూశాడు. "సాంబారు గంగాళంలోనండి. గాలండి అది. అయినా ఎవరూ ఏమీ అనలేదండి, బాగుందన్నారు."

నేను మొత్తం పరిస్థితిని సమీక్షించాను. జూన్ మబ్బులు, సముద్రపు గాలి, ఎండ పడితే తెర కనబడదు, సత్తిబాబు చెయ్యి. అన్నీ చూసి, గుర్తు పెట్టిన చోటికే పంపాలని తీర్పు చెప్పాను. అప్పలరాజు తలూపాడు. "పడవేటి పరుగెడతాదా? అక్కడే ఉంటాది" అన్నాడు. జాలరిపేటలో పుట్టినవాడు అన్న మాట ఇది. గుర్తుంచుకోండి, నేను కాదు.

జాలరిపేట: చేపల బుట్ట దగ్గర

నూకాలమ్మ దగ్గరికి రాయబారిగా నన్ను పంపారు. వేట లేని రోజులు కదా, బుట్టలో ఎక్కువ ఎండు చేపలే. ధర అడిగాను. మా ఊళ్ళో మటన్ ధర చెప్పింది. అంతెందుకన్నాను.

"ఎందుకా? సముద్రం నీకేటి మేనమామ బాబూ, ఊరికే ఇచ్చీడానికి?"

నోరు మూసుకుని కొన్నాను. సంచి ఆ వాసన ఇప్పటికీ వదల్లేదు. తర్వాత పథకం చెప్పాను. డ్రోను, బొత్తాం, ఒట్టు, గాలి, అన్నీ. ఆమె గెడ్డం కింద చెయ్యి పెట్టుకుని, మొదటిసారి విమానం చూసిన పిల్లలా విన్నది.

"అయితే మా అన్న రాడన్నమాట."

"వస్తాడమ్మా. రోడ్డు పక్క గోడ దగ్గర నిలబడతాడు."

ఆమె మూతి ముడిచి చేపల మీది ఈగల్ని తోలింది. కాసేపటికి, "ఆడికి నడుంనొప్పి తగ్గిందా?" అంది.

మల్కాపురం వెళ్ళగానే వాడు అడిగింది, "దానికి సుగరెలాగుంది?" ఇద్దరూ నన్ను ఆస్పత్రి కాంపౌండరును చేసి వదిలారు. ఎదురెదురుగా నిలబడి ఒకరినొకరు అడగడానికి ఏం రోగమో నాకు అర్థం కాలేదు. పైగా ఆమె చివరగా పంపిన కబురు ఇది: "ఎలా ఏత్తాడో ఏసుకోమను. దండ పడితే పడవ దింపుతాను. పడకపోతే అందులోన కోళ్ళు పెంచుకుంతాను." ఊరికే అన్న మాట కాదు. ఆమె కొడుకులిద్దరూ పక్కనే వల బాగుచేసుకుంటూ తల ఎత్తకుండా విన్నారు.

ఆ సాయంత్రం సాధన చేశాం. సత్తిబాబు పడవ ముక్కు మీద డ్రోను నిలిపి చోటు గుర్తు పెట్టాడు. దండ బదులు నా తడి తువ్వాలు కట్టాం. గోడ దగ్గరి నుంచి అప్పలరాజు బొత్తాం నొక్కాడు. తువ్వాలు సూటిగా వెళ్ళి పడవ ముక్కుకు తగులుకుంది. మళ్ళీ వేశాం, మళ్ళీ అక్కడే. అప్పలరాజు నన్ను ఎత్తి తిప్పబోయాడు. నడుం పట్టేసి దింపేశాడు. ఒడ్డున అమ్మే మరమరాల ముంత మసాలా కొనుక్కుని ముగ్గురం విజయోత్సవం చేసుకున్నాం.

పడవ దించే పొద్దు

పొద్దున్నే బీచి రోడ్డు గోడ దగ్గర చేరాం. ఇసుక నిండా పడవలు, పడవల చుట్టూ పసుపు కుంకుమలు, డప్పులు, జనం. గోడ దగ్గరి నుంచి చూస్తే పడవలన్నీ ఒక్కలాగే ఉన్నాయి. ఎండ సూటిగా తెర మీద పడింది. సత్తిబాబు నెత్తి మీద దుప్పటి కప్పుకుని అందులోంచి మాట్లాడాడు.

"ఆయ్, లేచిందండి. వెళుతుందండి. తెర మసగ్గా ఉందండి, అయినా చోటు మీదికొచ్చి ఆగిందండి. నొక్కేయండి!"

అప్పలరాజు కళ్ళు మూసుకుని, "గంగమ్మ తల్లీ" అని నొక్కాడు.

బారెడు బంతిపూల దండ గాల్లోంచి దిగింది. ఎంత అందంగా దిగిందో చెప్పలేను. నిన్న గుర్తు పెట్టిన చోటికి జానెడు అటూ ఇటూ కాకుండా దిగింది. ఆ చోట ఒక మేక ఉంది.

పూజకు ముందు పడవను తడి ఇసుక దాకా లాక్కెళ్ళి ముఖం సముద్రానికి తిప్పుతారట. పేటలో పాకే పిల్లలకు కూడా తెలుసు. అప్పలరాజుకు తెలియాలి, వాడు మరిచిపోయాడు. ఇల్లు మారిందని తెలియని కొరియర్ కుర్రాడి గురించి మల్కాపురంలో ఉపన్యాసం ఇచ్చింది నేను. నేనూ మరిచిపోయాను. దండ మేక మెడలో పడింది. డప్పులవాళ్ళకు ఏం తోచిందో, గట్టిగా వాయించారు. మేక ఒకసారి మెడ తిప్పి చూసుకుని, ఒక పువ్వు రుచి చూసి, ఇక పరుగు. దాని వెనక నూకాలమ్మ కొడుకులు, వాళ్ళ వెనక పేటలో సగం జనం. "తినేత్తంది, తినేత్తంది!" అని అరుపులు. పట్టుకునే సరికి దండలో దారమే మిగిలింది.

అప్పలరాజు ముఖం నల్లబడిపోయింది. "అయిపోనాది బావా. ఇంక అది పడవ దింపదు. దాని పంతం నాకు తెలుసు" అన్నాడు. రిమోటు సత్తిబాబుకు తిరిగిచ్చేసి గోడ మీద కూలబడ్డాడు.

అప్పుడు పడవ దగ్గరి నుంచి నూకాలమ్మ అరిచింది. వీధి చివర వంట చేసుకునేవాళ్ళను బయటికి రప్పించే చేపలమ్మే గొంతు అది. డప్పులు ఆగిపోయాయి.

"అన్నా! పడవని జరిపేరు గానీ, నన్నెవులు జరిపేరు? నానిక్కడే ఉన్నాను గదా! నన్ను సూసి రాలేవా?"

నాకు సిగ్గనిపించింది. గాలి, మబ్బు, ఎత్తు అన్నీ చూశాం. గోడ దిగి నడిస్తే ఆమె ఎంత దూరంలో ఉందో చూడలేదు. అప్పలరాజును మోచేత్తో పొడిచాను. "పోరా" అన్నాను. వాడు కదల్లేదు. "పోరా దొంగనాయాలా!" అని అరిచాను. సత్తిబాబు దుప్పట్లోంచి తల బయటపెట్టి, "వెళ్ళండి గురూగారూ, ఆయ్" అన్నాడు.

అప్పలరాజు గోడ దిగాడు. బూట్లతోనే ఇసుకలో దిగబడుతూ నడిచాడు. చెల్లెలి దగ్గర ఆగలేదు, ఆమె ముఖం చూడలేదు, నేరుగా వెళ్ళి రెండు చేతులూ వెనక్కి కట్టుకుని పడవకు భుజం ఆనించి తొయ్యడం మొదలుపెట్టాడు. ఒక్కడే. పడవ కదులుతుందా? వాడి నడుం కదిలింది, "అమ్మా" అన్నాడు.

"సెయ్యెయ్యనన్నావు గదా?" అంది నూకాలమ్మ.

"సెయ్యెయ్యలేదు. బుజం."

ఆమె పకపకా నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తర్వాత వెనక్కి కట్టుకున్న వాడి చేతులు రెండూ విడదీసి, తన చేతుల్తో తీసి పడవ మీద పెట్టింది.

"దండ మేకపాలైపోనాది, పోనీ. ఒట్టు సంగతి గంగమ్మతోటి నాను సెప్పుకుంతాను. నువ్వెక్కు. నీ మేనల్లుల్లు పడవెలా నడుపుతారో ఆల్ల పక్కన కూకుని సూసి రా."

అందరం పట్టాం. నేనూ పట్టాను, సత్తిబాబూ పట్టాడు. పడవ నీళ్ళలోకి దిగింది. అప్పలరాజు మధ్యలో కూర్చుని రెండు అంచులూ గట్టిగా పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. పెద్ద మేనల్లుడు మోటారు తాడు లాగాడు, చిన్నవాడు మామ భుజం మీద చెయ్యి వేశాడు. మొదటి కెరటం మీద పడవ ముక్కు ఆకాశం వైపు లేచింది, ధబ్బున దిగింది, అవతలికి దాటింది.

నూకాలమ్మ మోకాలి లోతు నీళ్ళలో నిలబడి చూస్తూ ఉంది. పడవ చిన్నదయ్యాక నావైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

"ఆడికి ఈత రాదు బాబూ" అంది.